మరో నజరేతులో ఒక వడ్రంగి

నజరేతు అనగానే మనకు గలిలయలోని ఆ చిన్న ఊరు, అక్కడ యోసేపు చేసిన వడ్రంగి పని, ఆ పని చూస్తూ చేస్తూ పెరిగిన మన ప్రభువు జ్ఞాపకం వస్తారు. స్వగ్రామంలో ఆయన బోధించినప్పుడు, విన్నవారు ఆయన బోధను వదిలి ఆయన వృత్తిని ఎత్తి మాట్లాడుకున్నారు. చేతిపని చేసినవానికి ఇంత జ్ఞానం ఎక్కడిదని అభ్యంతరపడ్డారు (మార్కు 6:2, 3).

ఆ నజరేతు పేరే పెట్టుకున్న మరో ఊరు అమెరికా దేశంలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంది. దానికి కొద్ది దూరంలోనే బేత్లెహేము అనే పట్టణం కూడా ఉంది. 1740లో సుప్రసిద్ధ సువార్తికుడు జార్జి విట్‌ఫీల్డ్ అక్కడ స్థలం కొన్నాడు. మరుసటి సంవత్సరం ఆ స్థలం మొరేవియన్ సంఘంవారి చేతికి వచ్చింది. 1736లో సముద్రం మీద తుఫాను రేగినప్పుడు జాన్ వెస్లీ ఓడలో భయంతో వణకుతుంటే, ప్రశాంతంగా కీర్తనలు పాడుతూ కూర్చున్నవారు ఈ మొరేవియన్లే. సంగీతం వారి ఆరాధనలో విడదీయరాని భాగం. ఊపిరితో ఊదే వాద్యాలు, తీగె వాద్యాలు రెండూ వారి మందిరాలలో వినబడేవి.

ఆ నజరేతుకు 1830ల చివరలో ఒక వడ్రంగి కుటుంబం వచ్చి స్థిరపడింది. ఆ కుటుంబ యజమాని పేరు క్రిస్టియన్ ఫ్రెడ్రిక్ మార్టిన్. ఈనాడు గిటారు పట్టుకున్న ప్రతివాడికీ మార్టిన్ అనే పేరు తెలుసు. ఆ కంపెనీ ఇప్పటికీ ఆ నజరేతులోనే ఉంది. అయితే ఆ పేరు వెనుక ఉన్న అవమానం సంగతి చాలామందికి తెలియదు.

బీరువాలు చేసేవారికి వాద్యాలెందుకు?

మార్టిన్ 1796లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో మార్క్‌నాయ్‌కిర్షెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి వడ్రంగి, బల్లలు, బీరువాలు చేసే వృత్తి సంఘానికి చెందినవాడు. మార్టిన్ వియన్నా నగరం వెళ్లి యోహాన్ స్టౌఫర్ అనే పేరున్న పనివాని దగ్గర గిటారు తయారీ నేర్చుకున్నాడు. తిరిగి సొంత ఊరు వచ్చేసరికి అక్కడ ఒక తగవు నడుస్తోంది. వయొలిన్లు చేసేవారి సంఘం, గిటార్లు చేసే హక్కు తమకే ఉండాలని అధికారులకు విన్నవించుకుంది. వారి వాదన ఏమిటంటే, తాము కళాకారులమనీ, తమ పనిలో సంస్కారం, అభిరుచి కనిపిస్తాయనీ, వడ్రంగులు మాత్రం ఇంటి సామాను చేసే మామూలు పనివారనీ. వడ్రంగులు ఊరుకోలేదు. గిటారు చేయడం మొదటినుండి తమ పనేనని చెప్పి తమ హక్కు నిలబెట్టుకున్నారు. అయినా ఆ కలహాల మధ్య ఉండలేక మార్టిన్ 1833లో భార్యాబిడ్డలతో ఓడ ఎక్కి న్యూయార్కు చేరాడు. కొన్నేళ్ల తరువాత నజరేతు పొలిమేరకు మారాడు. చాలాకాలం ఆ ఊళ్లో సంఘ సభ్యులు కానివారికి నివాసం దొరికేది కాదు గనుక, ఊళ్లోకి ఆయన వచ్చేసరికి ఇంకా సుమారు ఇరవై ఏళ్లు పట్టింది.

కళాకారుడు వేరు, పనివాడు వేరు అన్న ఆ వాదన నిజమా అబద్ధమా? దీనికి జవాబు గిటారు తలలోనే ఉంది. దయచేసి ఓపికతో చదవండి. మన సంఘాలలోని వడ్రంగి సహోదరులు ఈ భాగాన్ని మరింత సులభంగా గ్రహిస్తారు.

గిటారు తల అంటే ఏమిటి?

గిటారు మెడ చివర, తీగెలు బిగించే చోటును హెడ్‌స్టాక్ అంటారు. మనం తల అనుకుందాం. వీణకు, వయొలిన్‌కు బిరడాలు ఉన్నట్టే గిటారు తలకు ట్యూనర్లు ఉంటాయి. తలలు రెండు రకాలు. మన సంఘాలలో ఎక్కువగా కనిపించేది గట్టి తల. అందులో ముందునుండి వెనుకకు ఆరు బెజ్జాలు ఉంటాయి. రెండవ రకంలో తల మధ్య పొడుగునా రెండు కంతలు కోసి ఉంటాయి, రెండు సన్నని కిటికీలు తెరిచినట్టు. వీటిని స్లాట్లు అంటారు. మార్టిన్ గిటార్లలో కూడా 1930ల ప్రారంభం వరకు స్లాట్ల తలలు విరివిగా ఉండేవి. 1934 నాటికి మెడ పొడుగు పెంచిన కొత్త నమూనాలతో గట్టి తల ఎక్కువైంది. నైలాను తీగెలుండే క్లాసికల్ గిటార్లకు మాత్రం నేటికీ స్లాట్ల తలే ఆనవాయితీ.

స్లాట్ల తలలో తీగె చుట్టుకునే రోలర్లు అడ్డంగా ఉంటాయి. ఒక్కొక్క రోలర్ తల పక్కనుండి లోపలికి దూరి, పక్క గోడను దాటి, స్లాటు మీదుగా పోయి, మధ్య గట్టులో ఉన్న గుంటలో కుదురుకుంటుంది. ఒక పక్క మూడు, మరొక పక్క మూడు. బయట ఇత్తడి పట్టీ మీద చిన్న పళ్లచక్రాలు, వాటిని తిప్పే మరలు ఉంటాయి. మనం పిడిని సుమారు 14 నుండి 18 సార్లు తిప్పితే రోలర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. పిడి తిప్పితే రోలర్ తిరుగుతుంది గాని, తీగె ఎంత లాగినా పిడి వెనక్కి తిరగదు. ఆ మర ఏర్పాటు అలాంటిది. ఆరు నైలాను తీగెలు కలిసి ఇంచుమించు 40 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడంతా చివరకు పడేది ఆ ఆరు బెజ్జాల మీదనే.

ముందు బెజ్జం, తరువాత కంత

ఇక పని చూద్దాం. క్లాసికల్ గిటారు తల ఇంచుమించు 20 సెం.మీ. పొడుగు, 72 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. మందం ఉంటుంది. ఒక్కొక్క స్లాటు వెడల్పు సుమారు 15 మి.మీ. బయట పక్క గోడలు 12 మి.మీ. చొప్పున, మధ్య గట్టు 18 మి.మీ. మిగులుతాయి. రోలర్ లావు 10 మి.మీ. మూడు రోలర్ల మధ్య దూరం మామూలుగా 35 మి.మీ. చొప్పున ఉంటుంది. అయినా కొలతను చేతిలో ఉన్న ట్యూనర్‌నుండే తీసుకోవాలి. ముందు ట్యూనర్లు కొని, కొలిచి, తరువాతే కొయ్య మీద గీత గీయాలి.

తల మందం 20 మి.మీ., బెజ్జం 10 మి.మీ. అనుకుంటే పైన 5, కింద 5 మి.మీ. కొయ్య మాత్రమే మిగులుతుంది. బరమా రెండు మి.మీ. పక్కకు జరిగితే ఒకవైపు గోడ పలచబడిపోతుంది. అందువల్ల పక్క అంచులను మొదట చిత్రిక పట్టి సమం చేయాలి. మూలమట్టం పెట్టి చూస్తే ఆ అంచు తల ముఖానికి సరిగా నిలువుగా ఉండాలి. అంచులో ఒంపు ఉంటే, మేకులు బిగించినప్పుడు ఇత్తడి పట్టీ వంగి మూడు రోలర్లనూ నొక్కుతుంది. అప్పుడు పిడి తిప్పడం కష్టమవుతుంది.

గీతలు గీసిన తరువాత ఒక్కొక్క చోట సన్నని మొనతో చిన్న గుంట చేస్తారు. మధ్యలో ముల్లు ఉన్న డ్రిల్లు బిట్టును ఆ గుంటలో ఆనించి, స్టాండుకు బిగించిన డ్రిల్లుతో తిన్నగా దింపుతారు. మధ్య గట్టును దాటి అవతలికి పోకుండా బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటారు. ఆరు బెజ్జాలు పూర్తయ్యాక రోలర్లు పెట్టి చూస్తారు. చేతి వేళ్లతో నెడితే తేలికగా దిగి, సులభంగా తిరగాలి. అప్పుడే స్లాట్లు కోస్తారు. స్లాటు రెండు చివర్ల బెజ్జాలు వేసి సన్న రంపంతో మధ్య కొయ్య తీసివేయవచ్చు, లేదా రూటరు మెషీనుతో కొద్దికొద్దిగా లోతు పెంచుతూ తొలచవచ్చు. ఆ తరువాత ఉలి, ఆకురాయి, చివరకు పుల్లకు చుట్టిన గరుకు కాగితం. తీగెలు మెడ మీదికి దిగే చోట నట్ అనే సన్నని అడ్డుపట్టీ ఉంటుంది. ఆ వైపు స్లాటు చివరను ఏటవాలుగా చెక్కుతారు. లేకపోతే తీగె కొయ్య అంచుకు రాసుకుంటుంది.

చాలామంది తయారీదారులు స్లాట్లకంటె ముందే బెజ్జాలు ఎందుకు వేస్తారు? కొయ్య నిండుగా ఉన్నప్పుడు బరమాకు మొదటినుండి చివరివరకు ఆధారం ఉంటుంది, ఒకే దారిలో తిన్నగా పోతుంది. ముందే స్లాట్లు కోస్తే బరమా పక్క గోడను దాటి ఖాళీలో పడుతుంది, అవతల గట్టుకు తగిలేసరికి మొన జారుతుంది. పక్క గోడలోని బెజ్జం ఒక వరుసలో, మధ్య గట్టులోని గుంట మరో వరుసలో పడతాయి. గోడ లోపలి అంచు చిట్లుతుంది కూడా. అప్పుడు రోలర్ వంకరగా కూర్చుంటుంది. బయటినుండి చూస్తే ఏ లోపమూ కనిపించదు. వార్నీషు మెరుస్తుంది, ఇత్తడి పట్టీ మెరుస్తుంది. కాని రోలర్ బిగుసుకుపోయి, ఒకసారి తిరగక, మరోసారి ఒక్కసారిగా జారి తిరుగుతుంది. శ్రుతి చేసేవాడు విసిగిపోతాడు. పాట మధ్యలో స్వరం తప్పుతుంది.

ఇప్పుడు వయొలిన్ పనివారి వాదన మరోసారి తలచుకోండి. బీరువా తలుపు తిన్నగా కూర్చోవాలంటే ఏ కన్ను కావాలో, రోలర్ తిన్నగా కూర్చోవాలన్నా అదే కన్ను కావాలి. మూలమట్టం, బరమా, ఉలి, ఓపిక. శ్రుతి నిలిచేది పనివాడు మొదట వేసిన, ఎవరికీ కనిపించని ఆ బెజ్జాల మీద.

బెసలేలు వారసులు మన మధ్య లేరా?

నిర్గమకాండము 31వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడారపు పని కోసం దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచాడు. ఆయనను తన ఆత్మతో నింపాడు. ఎందుకు? లోహపు పని చేయడానికి, రత్నాలు చెక్కడానికి, కొయ్య చెక్కడానికి. దాను గోత్రపు అహోలీయాబును ఆయనకు తోడు ఇచ్చాడు. ప్రవక్తకు, యాజకునికి కావలసిన ఆత్మే ఉలి పట్టినవానికి కూడా కావలసి వచ్చింది. సొలొమోను మందిరం కట్టినప్పుడు రాళ్లను గనిదగ్గరే చెక్కి తెచ్చారు గనుక మందిర స్థలంలో సుత్తి చప్పుడు వినబడలేదు (1 రాజులు 6:7). మందిరపు నిశ్శబ్దం వెనుక ఎక్కడో దూరాన ఎవరి చేతులు బొబ్బలెక్కాయో ఆలోచించండి.

మరి మన ఇళ్లలో, మన సంఘాలలో ఏమి జరుగుతోంది? పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఏమి చేస్తాడని అడిగితే, వడ్రంగి పని అని చెప్పడానికి తండ్రి తడబడతాడు. కాంట్రాక్టులు చేస్తాడని మాట మారుస్తాడు. కొడుకు పక్కనే కూర్చుని ఆ మాట వింటాడు. తన చేతులను తన తండ్రే దాచిపెడుతున్నాడని ఆ క్షణాన వాడికి అర్థమవుతుంది. సంఘంలో ఉద్యోగస్థులను కమిటీలో కూర్చోబెడతాము. వడ్రంగి సహోదరుడిని మాత్రం బల్ల కాలు విరిగినప్పుడు, కిటికీ రెక్క ఊడినప్పుడు పిలుస్తాము. పని అయ్యాక వందనాలు చెప్పి పంపిస్తాము, కొన్నిసార్లు కూలి కూడా ఇవ్వము, దేవుని పనే కదా అంటాము. ఇది న్యాయమా? ఈ పద్ధతి చూసి పెరిగిన యౌవనస్థుడు ఉలి వదిలి పట్నంలో ఏ చిన్న ఉద్యోగమైనా చాలనుకుంటే తప్పు వాడిదొక్కడిదేనా?

నజరేతువారు ప్రభువునే వృత్తి చెప్పి తేలిక చేశారు. మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో వయొలిన్లవారు వడ్రంగులను తేలిక చేశారు. మనం మూడవ వరుసలో నిలబడకూడదు.

సంఘంలో గిటారు ఉన్నవారికి

పల్లె సంఘాలలో కనిపించే కొన్ని సంగతులు ఇక్కడ చెప్పడం మేలు. శ్రుతి నిలవడం లేదని గిటారును మూల పెట్టే ముందు ఇవి చూడండి.

మొదటిది, తీగెలు. స్లాట్ల తలలో రోలర్లు తెల్లగా, లావుగా, ప్లాస్టిక్‌తోనో ఎముకతోనో చేసినవైతే అది నైలాను తీగెల గిటారు. శబ్దం పెద్దగా రావాలని దానికి ఉక్కు తీగెలు వేయకండి. ఉక్కు తీగెలు కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి. కొద్ది నెలల్లో తీగెలు కట్టిన వంతెన ఊడిపోతుంది, పైపలక ఉబ్బుతుంది. రోలర్లు సన్నని లోహపు కడ్డీలైతే అది ఉక్కు తీగెలకు చేసిన తల కావచ్చు. తెలిసినవారిని అడిగి నిర్ధారించుకోండి.

రెండవది, నట్. శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారి ఎగిరితే, తీగె నట్ గాడిలో పట్టుకుంటోందని అర్థం. పెన్సిలు ముక్కుతో ఆ గాడిలో రాస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మూడవది, మరలు. ఇత్తడి పట్టీ మేకులు వదులయ్యాయేమో చూడండి. బిగించేటప్పుడు బలం చూపకండి, ఇత్తడి మేకు తల సులభంగా తెగుతుంది. కొత్త మేకు వేయాలంటే ముందు సన్న బెజ్జం వేసి, మేకు మరకు కాస్త కొవ్వొత్తి మైనం రాయండి. పళ్లచక్రానికి ఒక చుక్క నూనె చాలు. కొయ్య మీద పడితే తుడిచివేయండి.

ఇవన్నీ చేసినా పిడి బిగుసుకుంటూనే ఉంటే బెజ్జమే వంకర అయి ఉండవచ్చు. అప్పుడు మీ సంఘంలోని వడ్రంగి సహోదరుడిని పిలవండి. ఈసారి పని చెప్పడానికి మాత్రమే పిలవకండి. గిటారు ఆయన చేతికిచ్చి, ఇది ఎలా చేయాలని ఆయన ఆలోచన అడగండి. తగిన కూలి ఇవ్వండి. ఆదివారం సభలో ఆయన పేరు చెప్పి దేవునికి స్తోత్రం చెల్లించండి. ఆయన కుమారుడు ఆ మాట వినాలి.

తప్పిపోయిన బెజ్జం

వంకరపోయిన బెజ్జానికి మార్గం ఉందా? ఉంది. మంచి పనివాడు తలను పొయ్యిలో వేయడు. వంకర బెజ్జాన్ని కొంచెం పెద్దదిగా, గుండ్రంగా, శుభ్రంగా తొలుస్తాడు. దానికి సరిపోయే గట్టి కొయ్య కడ్డీని జిగురు పూసి దిగగొడతాడు. ఒక రోజంతా ఆరనిస్తాడు. పొడుచుకు వచ్చిన భాగాన్ని ఉలితో సమం చేస్తాడు. తరువాత మళ్లీ కొలిచి, మళ్లీ గీత గీసి, సరైన చోట కొత్త బెజ్జం వేస్తాడు. ఈసారి స్లాటు ఖాళీగా ఉంటుంది గనుక ఆ ఖాళీలో సరిపడా కొయ్యముక్కను తాత్కాలికంగా బిగించి, బరమాకు ఆధారం కల్పిస్తాడు. మొదట చేసే పనికంటె ఇది చాలా శ్రమ. కాని గిటారు మళ్లీ పాడుతుంది.

తల్లిదండ్రులారా, ఈ రెండు సంగతులూ మనకు పాఠమే. పిల్లలు చిన్నవారుగా, నిండు కొయ్యలాగా ఉన్నప్పుడే వారి మనస్సులో తిన్నని దారులు వేయాలి. నిజం పలకడం, కష్టపడి పనిచేయడం, ఏ వృత్తినీ చిన్నచూపు చూడకపోవడం, ప్రార్థన. సామెతలు 22:6 మనకు నేర్పేది ఇదే. లోకం తన స్లాట్లు కోయడానికి ఎలాగూ వస్తుంది. అప్పటికి లోపలి బెజ్జాలు తిన్నగా ఉంటే, ఎంత లాగుడు వచ్చినా వారి శ్రుతి చెడదు. ఒకవేళ మీ ఇంట్లో కుమారుడో కుమార్తెయో ఇప్పటికే దారి తప్పి ఉంటే నిరాశపడకండి. నజరేతు వడ్రంగి చేతికి అప్పగించండి. ఆయన ఏ కొయ్యనూ పొయ్యిలో వేయడానికి తొందరపడడు. పూడ్చవలసినది పూడ్చి, మళ్లీ కొలిచి, మళ్లీ మొదలుపెడతాడు.

ఈ వారం మీ ఇంట్లో ఉలి, బరమా, సుత్తి, నాగలి, కుట్టు మిషను పట్టే చేతులు ఎవరివైనా ఉంటే, కుటుంబ ప్రార్థనలో ఆ చేతుల కోసం పేరు పేరునా ప్రార్థించండి. ఎవరూ చూడని చోట తిన్నగా చేసిన పనిని ప్రభువు చూస్తాడు. కొంచెములో నమ్మకముగా ఉన్నవానిని ఆయన మరువడు (లూకా 16:10).

మీ చేతుల పనిని ప్రభువు స్థిరపరచును గాక. ఆమెన్.